డోలు బడిలో మూడు రోజులు

మా ఇంటి పేరుకు ఎదురుగా మౌలాలి పేరు రాసి ఉంది. జమ్మలమడుగు బ్లాకు ఆఫీసు తలుపుకు అంటించిన కాగితంలో దాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి నా చదువు మీద నమ్మకం చాలక, రెండోసారి కోపంతో.

ఘనా దేశం నుంచి ఒక డోలు ఉస్తాద్ వస్తున్నాడని, మద్రాసు నుంచి బొంబాయి పోతూ ప్రొద్దుటూరులో మూడు రోజులు ఉంటాడని, హైస్కూలు హాల్లో మన డోలువాళ్ళకు తమ దేశపు వాయింపు నేర్పుతాడని ఆ కాగితం చెప్పింది. మూడో రోజు సాయంత్రం అందరూ కలిసి పెద్దల ముందు వాయించాలట. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల తాలూకాల్లో డోలు ఇళ్ళు పదమూడు. ఇంటికొకరు రావాలి. కింద ఇళ్ళ పేర్లు, పక్కన మనుషుల పేర్లు. మా ఇంటికి మనిషి మౌలాలి.

మౌలాలి నా మరిది. పులివెందులలో ఇల్లరికం ఉన్నాడు. అక్కడ డోలు బావమరిది వాయిస్తే ఇతను పక్కన తాళం వేస్తాడు. ఇరవై ఏళ్ళుగా అదే పని. అతనికి సొంత వంతు కావాలని ఉందంటే నేను తప్పుపట్టను. కానీ అది నా ఇంటిది కాకూడదు.

వంతు అంటే ఏమిటో చెప్పాలి. ప్రతి డోలు ఇంటికీ కొన్ని ఊళ్ళుంటాయి. మా ఇంటికి పదకొండు. ఆ ఊళ్ళలో ఏ పెండ్లి జరిగినా, ఏ దేవుడు ఊరేగినా మా డోలే మోగాలి. ఇంకో ఇంటివాడు పోయి వాయిస్తే పంచాయితీ అవుతుంది. నా భర్త జమీర్ పోయి రెండేళ్ళయింది. మాకు పిల్లల్లేరు. ఈ రెండేళ్ళూ మా ఊళ్ళకు ఎవరో ఒకరు పోయి పని గడిపారు. ఇప్పుడు డోలు ఇళ్ళ పెద్ద అల్లాబక్ష్ మామ తీర్పు చెప్పేశాడట. ఈ బడిలో ఏ ఇంటి పేరున ఎవరు డోలు పట్టుకుని కూర్చుంటే ఆ ఇంటి వంతు వాళ్ళదే, మళ్ళీ మాట లేదు. ఆ తీర్పు మిగతా పన్నెండు ఇళ్ళకూ ముందే తెలుసు, నాకే ఆఖరున తెలిసింది.

డోలు నాకు వచ్చు. జమీర్‌కు చివరి మూడేళ్ళు చేతులు వణికేవి. వాయించకుండా పెడితే తోలు చచ్చిపోతుందని ఆయన బాధ. మంచం మీద పడుకుని నోటితో చెప్పేవాడు, నేను తలుపు వేసి కొట్టేదాన్ని. తప్పు కొడితే మంచం పట్టె మీద వేలితో టకటకమనేవాడు. ఆయన పోయాక కూడా నేను ఆపలేదు. దూది ఏకే పని అయిపోయాక రోజూ ఒక గంట. మా వీధి అంతటికీ వినిపించేది. వీధివాళ్ళు వినిపించనట్టే ఉండేవాళ్ళు. తలుపు వేసి ఉన్నంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు.

ఆఫీసులో గుమాస్తాను పిలిచి, ఈ పేరు తప్పు, కొట్టేసి నా పేరు రాయమన్నాను. అతను నన్ను చూసి, కాగితాన్ని చూసి, సర్కారు కాగితంలో కొట్టివేతలు కుదరవన్నాడు.

"కొట్టేయొద్దులే నాయనా. కింద ఖాళీ ఉంది గదా," అన్నాను.

అతని బల్ల మీద కలం తీసుకుని మౌలాలి పేరు కింద నా పేరు రాశాను. మెహబూబున్నీసా. గ్రామసేవిక మధ్యాహ్నాలు నడిపే పెద్దల బడిలో రెండేళ్ళు దిద్దిన పేరు అది. అక్షరాలు కొంచెం ఎగుడుదిగుడుగా వచ్చాయి. అయినా మౌలాలి పేరు కంటే పెద్దగా వచ్చాయి.

*

మే నెల. పిల్లలకు సెలవులు కాబట్టే హైస్కూలు హాలు దొరికింది. పొద్దున మొదటి బస్సుకు ప్రొద్దుటూరులో దిగాను. డోలును పాత బొంతలో చుట్టి నెత్తిన పెట్టుకుని నడిచాను. నాతో పాటు ఖాదరన్న కూడా దిగాడు. ఖాదరన్న సన్నాయి వాయిస్తాడు. జమీర్ డోలు, ఆయన సన్నాయి ముప్పై ఏళ్ళు కలిసి తిరిగాయి. సన్నాయివాళ్ళకు ఈ బడిలో చోటు లేదు, చూసిపోదామని వచ్చానన్నాడు. బస్టాండు నుంచి స్కూలు దాకా నా వెనకే పది అడుగుల దూరంలో నడిచాడు. ఆయన నా తరఫునా, వాళ్ళ తరఫునా అన్నది నాకు తెలియలేదు.

హాల్లో అందరూ అప్పటికే వరసగా కూర్చున్నారు. ఒక్కొక్కరి ముందు ఒక డోలు. మౌలాలి ముందు వాళ్ళ బావమరిది రెండో డోలు. నన్ను చూసి లేచి వచ్చాడు.

"వదినా, డోలు మోసుకోని ఇంత దూరం ఎందుకొస్తివి. కబురు చేసుంటే నేనే వచ్చి తీసుకుందును గదా."

"నీకు తేలేదులే మౌలాలీ. నాకు తెచ్చుకున్నా," అన్నాను.

వరసలో నవ్వు పుట్టి ఆగిపోయింది. అల్లాబక్ష్ మామ గొంతు సవరించుకున్నాడు. ఆయనకు డెబ్బై ఏళ్ళు, నా పెండ్లికి ఆయనే డోలు వాయించాడు. ఇది మగవాళ్ళు కూర్చునే చోటని, ఇంట్లో కొట్టుకుంటే ఎవరూ ఏమీ అనలేదని, వీధిలోకి తెస్తే నలుగురూ నవ్వుతారని మెల్లగానే చెప్పాడు. కూర్చున్నవాళ్ళు తలలు ఊపారు. నేను వరస చివర డోలు దించి, దాని వెనక కూర్చున్నాను.

బ్లాకు ఆఫీసు నుంచి వచ్చిన పెంచలయ్య సారు హాజరు పిలిచాడు. ఉస్తాద్ ఇంగ్లీషులో చెప్పేది మాకు తెలుగులో చెప్పేది కూడా ఆయనే. మా ఇంటి దగ్గరికి వచ్చేసరికి రెండు పేర్లు కనబడ్డాయి. ఆయన చెమట తుడుచుకున్నాడు. డోలు ఇళ్ళ తగాదాలో సర్కారు తలదూర్చదని, పాఠం చెప్పేది ఉస్తాద్ కాబట్టి ఎవరిని కూర్చోబెట్టుకోవాలో ఆయనే చెబుతాడని తప్పించుకున్నాడు.

ఉస్తాద్ పేరు కొమ్లా. పొడవాటి మనిషి, గడ్డంలో నాలుగు తెల్ల వెంట్రుకలు. వాళ్ళ దేశపు పెద్ద గళ్ళ బట్టను ఒక భుజం మీదుగా కప్పుకున్నాడు. ప్రవక్త కాలంలో మొదటి అజా పిలిచిన బిలాల్ హజ్రత్ గడ్డ మనిషి అని మావాళ్ళు అనుకుని, ఆయన లోపలికి వచ్చినప్పుడు అందరూ లేచి నిలబడ్డారు. ఆయన తన డోళ్ళను ముట్టుకునే తీరు చూసి నాకూ గౌరవం కలిగింది. ఎండకు తోళ్ళు బిగుసుకుపోయి ఉంటే, ఒక డోలును తిరగేసి లోపలికి చెంబుడు నీళ్ళు పోశాడు. తోలు నీళ్ళు తాగే దాకా పక్కనే గొంతుకూర్చున్నాడు, పాలు తాగే బిడ్డ పక్కన కూర్చున్నట్టు. మేము తోలును సెగకు చూపి బిగిస్తాం. ఆయన నీళ్ళు పోసి బిగువు దించుతున్నాడు. దేశం వేరైనా తోలు బాధ ఒకటేనని అనుకున్నాను.

ఇలాంటి మనిషి నన్ను కాదనడని నా నమ్మకం. వాళ్ళ దేశం తెల్లవాళ్ళ నుంచి విడిపోయి నాలుగేళ్ళేనట. నా బాధ ఈయనకు అర్థం కాక ఎవరికి అవుతుంది అనుకున్నాను. పెంచలయ్య సారు సంగతంతా చెప్పాడు. కొమ్లా నా వైపు చూసి, నా డోలును చూసి, తల అడ్డంగా ఊపాడు.

పెంచలయ్య సారు ఆ మాటను తెలుగులో ఇలా చెప్పాడు. "మా ఊళ్ళో ఆడవాళ్ళు డోలు ముట్టరు. మా అమ్మ ముట్టలేదు, నా భార్య ముట్టదు. వాళ్ళు పాడతారు, సొరకాయ బుర్ర వాయిస్తారు. ఇక్కడికి వచ్చి నేను వేరే మాట చెబితే అది అబద్ధమవుతుంది."

హాలంతా ఊపిరి వదిలినట్టయింది. సముద్రం దాటినా అదే దస్తూరు అని ఎవరో అన్నారు. మౌలాలి తన డోలును ముందుకు ఒక బెత్తెడు జరుపుకున్నాడు.

నేను కూర్చున్నచోటి నుంచే అడిగాను. "సార్, ఇంకొకటి అడగండి. వాళ్ళ ఊర్లో మొగుడు పోతే ఆయప్ప డోలు ఎవురికి పోతాదంట?"

తమ్ముడికి, తమ్ముడు లేకపోతే మేనల్లుడికి అని జవాబు వచ్చింది.

"పెండ్లాం ఏమంటాదంట?"

పెంచలయ్య సారు అడిగాడు. కొమ్లా రెండే మాటలు చెప్పాడు. ఆమెను అడిగినవాళ్ళు లేరని.

"ఈడ కూడా ఎవురూ అడగల్యా. అందుకే అడక్కముందే చెప్పేకి వచ్చినా," అన్నాను.

ఆ మాటను సారు ఇంగ్లీషులో ఎట్లా చెప్పాడో నాకు తెలియదు. కొమ్లా నవ్వలేదు. తన సామాన్లలోంచి ఒక ఎండు సొరకాయ బుర్ర తీసి నా ముందు పెట్టాడు. దాని చుట్టూ పూసలు అల్లిన వల ఉంది, ఊపితే గలగలమంటుంది. వెనక కూర్చుని ఇది వాయించమన్నాడు.

లేచి ఇంటికి పోతే మా ఇంటి పేరున మౌలాలి ఒక్కడే మిగులుతాడు. అందుకని బుర్ర తీసుకున్నాను. డోలును మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు. ముందు డోలు, దాని మీద నా మోచేతులు, చేతుల్లో బుర్ర. మూడు రోజులూ అట్లాగే కూర్చుంటానని అప్పుడే అనుకున్నాను.

*

వాళ్ళ వాయింపుకు మూలం ఒక ఇనప గంట. మన గుడిగంట వంటిది కాదు. రెండు రేకు గొట్టాలను ఒకదానికొకటి అతికించినట్టుంటుంది. దాన్ని చేతిలో పట్టుకుని పుల్లతో కొడతారు. కొమ్లా గంట మీద ఏడు దెబ్బలు కొట్టి, మళ్ళీ మొదటికి వచ్చి, అవే ఏడు దెబ్బలు కొట్టాడు. అట్లా ఆపకుండా కొడుతూనే ఉన్నాడు. ఎన్ని డోళ్ళు మోగినా గంట మారకూడదని, అందరూ గంటను పట్టుకునే నడవాలని చెప్పాడు.

ఏడు అనగానే మా వరసకు ప్రాణం లేచి వచ్చింది. ఏడు మావాళ్ళకు చిన్నప్పటి నుంచి తెలిసిన లెక్క. మిశ్రచాపు అని అల్లాబక్ష్ మామ అన్నాడు. తకిట తకధిమి అని పన్నెండు డోళ్ళు, మౌలాలిది కలిపి పదమూడు, ఒక్కసారిగా దిగాయి. నేను కూడా బుర్రతో ఏడు లెక్కపెట్టాను. రెండు చుట్లు తిరిగేసరికి గంట ఒక చోట, మేము ఒక చోట. కొమ్లా చేయెత్తి ఆపాడు. మళ్ళీ మొదలు. మళ్ళీ జారింది. మధ్యాహ్నం దాకా పదకొండుసార్లు ఆపాడు.

అందరికంటే నలిగిపోయింది అల్లాబక్ష్ మామ. యాభై ఏళ్ళు తాళం తప్పని మనిషి. చివరికి పెంచలయ్య సారును పక్కకు పిలిచి, ఆ పెద్దమనిషికి కొంచెం మర్యాదగా చెప్పమన్నాడట, ఆయనకే తాళం నిలవడం లేదని, ప్రయాణం బడలిక కావచ్చని. సారు ఆ మాట చెప్పలేదు. సాయంత్రం కొమ్లా తన డోళ్ళకు బట్ట కప్పుతూ దిగులుగా ఉన్నాడు.

ఇంటికి వచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. పొద్దుటికి ఇవ్వవలసిన పరుపు దూది మిగిలిపోయింది. విల్లు దింపి కూర్చున్నాను. దూది ఏకడం చూడనివాళ్ళకు చెబుతాను. దూలానికి వేలాడే పెద్ద విల్లు నారిని దూదిలో ఆనించి, కొయ్య గుండుతో కొడతారు. నారి అదిరి దూది విడుతుంది. రెండు పెద్ద దెబ్బలకు ముద్ద విచ్చుకుంటుంది, నారికి పీచు చుట్టుకుంటుంది. ఆ పీచు రాలడానికి ఒక చిన్న దెబ్బ. తర్వాత మూడు పెద్ద దెబ్బలు, దూది పొంగడానికి. మళ్ళీ ఒక చిన్న దెబ్బ. రెండు పెద్దవి, ఒక చిన్నది. మూడు పెద్దవి, ఒక చిన్నది. మా అమ్మ అట్లా కొట్టింది, నేనూ అట్లాగే కొడతాను. లెక్కపెట్టి కొట్టింది లేదు.

ఆ రోజు కొడుతూ కొడుతూ ఆగిపోయాను. మొత్తం ఏడు దెబ్బలు. అన్నీ ఒకే పొడవు కావు. పొద్దుటి నుంచి ఆ మనిషి కొట్టింది ఇదే. మేము దెబ్బలను లెక్కపెట్టాం కానీ దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉన్న దూరాన్ని వినలేదు. తాళం తెలిసిన చెవికి ఏడు అనగానే ఏడు సమానమైన గళ్ళు కనబడ్డాయి, ఆ గళ్ళలోనే పడి కొట్టుకున్నాం.

పరుపు దూది అంతా ఏకేశాను. పక్కింటి దిల్షాద్‌బీ వచ్చి ఎందుకు నవ్వుతాండావని అడిగింది. దుమ్ము ముక్కులోకి పోయిందని చెప్పాను.

*

రెండో రోజు నేను బుర్రతో గంట వెంబడే పోయాను. రెండు పెద్దవి, ఒక చిన్నది. మూడు పెద్దవి, ఒక చిన్నది. ముందు వరసలో డోళ్ళు మళ్ళీ జారాయి. కొమ్లా ఆపమని చేయెత్తాడు. నేను ఆపలేదు. హాలు నిశ్శబ్దమైపోయాక కూడా బుర్ర అట్లాగే నడుస్తోంది. ఆయన నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు, గంట కొట్టి చూశాడు. గంటా బుర్రా ఒకటిగా మోగాయి. గంట ఆపాడు. బుర్ర నడిచింది. తన పెద్ద డోలు దగ్గరికి పోయి అడ్డదిడ్డంగా ఏదేదో వాయించి నన్ను తప్పించాలని చూశాడు. కళ్ళు మూసుకుని దూదిని తలచుకున్నాను. తప్పలేదు.

ఆయన నా చేతిలో బుర్ర తీసుకుని గంట పెట్టాడు.

ఆ పొద్దు నుంచి పని సాగింది. పెద్ద డోలు పిలవాలి, మిగతావి జవాబు చెప్పాలి, నేను నడిపించాలి. గంట బరువుగా ఉంది, చేయి చెమర్చింది. మధ్యాహ్నానికి మా వాళ్ళు పదిసార్లలో ఏడుసార్లు జారకుండా తిరిగి వచ్చారు. అల్లాబక్ష్ మామ ముఖంలో మళ్ళీ కళ వచ్చింది.

అన్నాలప్పుడు వేపచెట్టు కింద ఆయనే నన్ను పిలిపించాడు. తగాదా తీరిపోయిందన్నాడు. దేవుడే దారి చూపించాడట. ఉస్తాద్ చేతి మీదుగానే నీకు గంట వచ్చింది, అది మర్యాద గల పని, ఆడమనిషి పట్టుకున్నా ఎవరూ వేలెత్తి చూపరు. డోలు, వంతు మౌలాలి చూసుకుంటాడు, వంతు ఊళ్ళ నుంచి వచ్చే బియ్యంలో నీ పాలు నీకు పంపిస్తాడు. అందరూ బాగుందన్నారు. నిజంగానే సంతోషంగా అన్నారు. మౌలాలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"గంట నీదే వదినా. నా ప్రాణముండేదాక ఎవురూ అడగరు," అన్నాడు.

"ఆ గంట ఎల్లుండి ఎర్రగుంట్లలో రైలెక్కుతాది మౌలాలీ," అన్నాను. "అది పోయినంక నా చేతిలో ఏముంటాది?"

మౌలాలి తిరిగి అన్నంలో చేయి పెట్టాడు కానీ తినలేదు. అల్లాబక్ష్ మామకు కోపం వచ్చింది. ఇంత ఇచ్చినా తృప్తి లేని మనిషికి ఏమీ ఇవ్వకూడదన్నాడు. నేను లేచి చేయి కడుక్కున్నాను. ఖాదరన్న చెట్టుకు ఆనుకుని బీడీ కాలుస్తున్నాడు. ఆయన వైపు చూశాను. ఆయన పొగ వైపు చూశాడు.

*

మూడో రోజు పొద్దున గంటను కొమ్లా ముందు బల్ల మీద పెట్టి, పోయి మౌలాలి పక్కన డోలు దించుకుని కూర్చున్నాను. వేళ్ళకు తొడుగులు పెట్టుకున్నాను. మా డోలు కుడివైపు వేళ్ళతో కొడతాం. గుడ్డపీలికలను గంజితో తడిపి వేళ్ళకు చుట్టి ఆరబెడితే గట్టి తొడుగులవుతాయి. పదమూడు ఇళ్ళలో సగం మందికి వాటిని చుట్టి ఇచ్చేది నేనే. ఇవి నా వేళ్ళకు చుట్టుకున్నవి. మౌలాలి వాటినే చూస్తూ ఉండిపోయాడు.

కొమ్లా గట్టిగా మాట్లాడాడు. ఆయన గొంతు పెంచడం అదే మొదటిసారి. పెంచలయ్య సారు తడబడుతూ చెప్పాడు. నీకు ఇచ్చింది మా దగ్గర అన్నిటికంటే నమ్మకమైన పని, గంట తప్పితే పెద్ద డోలువాడు కూడా నేల మీద పడతాడు, సాయంత్రం ఊరంతా వస్తోంది, ఇప్పుడు దాన్ని కింద పెట్టడం ద్రోహం.

"ద్రోహం కాదని చెప్పండి సార్. గంట మంచిదే. నా మొగుని డోలు గంట కాదు," అన్నాను. "నాకు వచ్చింది ఇది. ఇది పట్టుకొనే కూచుంటా. లేవమంటే లేయను."

కుడివైపు వేళ్ళతో ఆ ఏడు దెబ్బలు వాయించాను. రెండు పెద్దవి, ఒక చిన్నది, మూడు పెద్దవి, ఒక చిన్నది. ఎడమవైపు పుల్లతో జమీర్ నేర్పిన నడక కలిపాను. రెండూ ఒకదాన్నొకటి తొక్కుకోకుండా నడిచాయి. నాలుగు గోడల మధ్య తప్ప ఎప్పుడూ మోగని చేయి అది. హాలు పెద్దది కాబట్టి నా చప్పుడు నాకే కొత్తగా వినిపించింది. కొమ్లా తల వంచి విన్నాడు. నేను ఆపాక పెంచలయ్య సారు చేత చెప్పించాడు. తోలు ఇనుము కాదు, నీ డోలు ఎంత బాగున్నా గంట పని చేయదు. గంట ఒకరు పట్టాలి. ఇంకొకరికి నువ్వు సాయంత్రంలోగా నేర్పితే, ఆ తర్వాత నీ సొంత డోలుతో నువ్వు ఏం చేసుకున్నా అది నా దేశం సంగతి కాదు.

నేను వరస వైపు తిరిగి, ఎవరు నేర్చుకుంటారని అడిగాను. ఒకరు కిటికీ వైపు చూశారు, ఒకరు డోలు తాడు బిగించుకున్నారు. నా దగ్గర కూర్చుని నేర్చుకోవడం వాళ్ళ వల్ల అయ్యే పని కాదు. మౌలాలిని అడిగాను. ఇరవై ఏళ్ళు తాళం వేసినవాడివి గదా అన్నాను. తాళం వేసేది చాలించుకోడానికే వచ్చానన్నాడు. ఆ మాట నన్ను తాకింది. అతని మీద జాలి కలిగింది. అయినా నా చోటు నుంచి జరగలేదు.

అప్పుడు గుమ్మం దగ్గర నుంచి ఖాదరన్న వచ్చాడు. బీడీ పారేసి, గంట తీసుకుని, నా ముందు బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"చెప్పు," అన్నాడు.

డోలు లెక్కలు ఆయనకు పట్టవు. సన్నాయి మనిషి, ఊపిరితో పనిచేసేవాడు. పెద్ద దెబ్బకు ఊపిరి తీసుకోమని, చిన్న దెబ్బకు బిగపట్టమని చెప్పాను. మొదటి గంటలో పుల్ల రెండుసార్లు చేజారింది. అల్లాబక్ష్ మామ వినబడేటట్టే అన్నాడు, ముసలితనంలో ఖాదర్‌కు ఈ అవతారం ఒకటి రాసిపెట్టి ఉందని. ఖాదరన్న పుల్ల తీసుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. మధ్యాహ్నం అన్నానికి కూడా లేవలేదు. మూడు గంటలకు గంట ఆయన చేతిలో నిలిచింది.

సాయంత్రం ఎండ తగ్గాక స్కూలు మైదానంలో వాయించాం. నేలంతా జనం, గోడల మీద జనం. ఆడమనిషి డోలు పట్టుకుని కూర్చుందని ఆ వేళకే ఊరంతా పాకిపోయింది. నవ్వినవాళ్ళున్నారు, ఈల వేసినవాళ్ళున్నారు. మొదట నాకు చెవుల్లో నా రక్తమే వినబడింది. తర్వాత గంట వినబడింది. కొమ్లా నిలబడి తన ఎత్తైన డోలును పుల్లతోనూ చేత్తోనూ పిలిచాడు. మేము పద్నాలుగు డోళ్ళతో జవాబు చెప్పాం.

సగంలో మౌలాలి జారాడు. చెయ్యి పాత ఏడులోకి పోయింది. పక్కనున్న రెండు డోళ్ళు కూడా ఊగాయి. నేను వదిలేసి ఉంటే ఊరి ముందు అతను పడిపోయేవాడు, నాకు ఇక వేరే సాక్ష్యం అక్కరలేకపోయేది. ఆ ఆలోచన వచ్చింది, లేదని చెప్పను. కానీ అది మా ఇంటి డోలు పక్కన జరిగే తప్పు. ఎడమ పుల్ల ఎత్తి, చిన్న దెబ్బ వచ్చే చోట గట్టిగా కొట్టాను. మళ్ళీ కొట్టాను. మూడో చుట్టుకు అతని చెయ్యి నా చేతిని చూసుకుంటూ దారిలోకి వచ్చింది. చివరి దాకా నా చేతినే చూశాడు.

*

జనం పోయాక కొమ్లా తన సామాన్లు కట్టుకున్నాడు. నన్ను మెచ్చుకోలేదు. ఈ సంగతి వాళ్ళ ఊళ్ళో చెప్పనని, చెబితే పెద్దలు తిడతారని పెంచలయ్య సారుతో అన్నాడట. చెప్పుకోమనండి, తిట్లు జమ్మలమడుగుకు పంపించమనండి అని సారుతోనే చెప్పించాను. అది విని మాత్రం ఆయన నవ్వాడు, గంటను బట్టలో చుడుతూ చాలాసేపు నవ్వాడు.

అల్లాబక్ష్ మామ మైదానం మధ్యలో కర్ర ఆనుకుని నిలబడ్డాడు. వంతు సంగతి అడిగాను. డోలు పట్టుకుని మా ఇంటి పేరున ఇద్దరు కూర్చున్నారు కాబట్టి తీర్పు చెల్లదన్నాడు. తాను మాట ఇవ్వనన్నాడు, పీర్ల పండుగ తర్వాత పంచాయితీ పెడతానన్నాడు.

"పెట్టు మామా, వస్తా. అంతదాక పదకొండు ఊర్లకు నేను పోతాండా. ఆపేటోళ్ళు దారిలో నిలబడి ఆపాల," అన్నాను.

మౌలాలి పక్కనే నిలబడి విన్నాడు. దారిలో నిలబడతానని అతను అనలేదు. నిలబడనని కూడా అనలేదు. బావమరిది డోలును భుజానికెత్తుకుని పులివెందుల బస్సు వైపు నడిచాడు.

డోలు ఒక్కటే ఉంటే పెండ్లి జరగదు. సన్నాయి లేని డోలును ఏ పెండ్లివారూ పిలవరు. అది నాకూ తెలుసు, అల్లాబక్ష్ మామకూ తెలుసు, అందుకే ఆయన అంత నిదానంగా ఉన్నాడు. జమ్మలమడుగు బస్సులో డోలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఖాదరన్న నా వెనక సీటులో కూర్చున్నాడు. పుల్ల పట్టుకున్న చెయ్యి బొబ్బలెక్కి ఉంది, దాన్ని ఊదుకుంటున్నాడు.

జమ్మలమడుగు దగ్గర పడ్డాక వెనక నుంచి మాట వచ్చింది.

"శుక్రవారం ముద్దనూరులో పెండ్లి. కోమట్లది. తెల్లారి ఆరుకు ముహూర్తం."

నేను తిరిగి చూడలేదు. ముద్దనూరు మా వంతు ఊరే.

"మొదటి బస్సుకు పోతే అందుకోలేం. గురువారం సాయంత్రమే పోవాల," అన్నాడు.

"పోదాం అన్నా."

"నేను ఊదేటప్పుడు నా మొకం చూడాకు. జమీర్ ఎప్పుడూ చూడల్యా."

"చూడనులే," అన్నాను.